మూగజీవమునకు దెబ్బ తగిలినపుడు



నేటి ప్రసంగవిషయము వినిన వెంటనే మీలో కొందఱు నవ్వవచ్చును. ఇంట పెంచిన కుక్కకు కాలు విఱిగినచో ఏమి చేయవలెను, పిల్లికి దెబ్బ తగిలినచో ఎక్కడికి గొనిపోవలెను, అందులకు చేతనున్న పైకము చాలనిచో దారి యేమి అనునదియే నేను ముచ్చటింపబోవు సంగతి. ఈ మాట చెప్పగా మా వీధిలోని వృద్ధు డొకడు, "మనుష్యులకే మందులు దొరకని కాలమున కుక్కకు వైద్యమా, పంతులు గారూ?" అని నన్నడిగెను. ప్రశ్న న్యాయమైనదే. దానికి బదులు చెప్పక ముందునకు సాగుట భావ్యము కాదు.

నేను ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు భారతము బోధించితిని. ఆదిపర్వమున కౌరవపాండవుల కథ యింకను అందుకొనక మునుపే ఒక కుక్క కథ వచ్చును. జనమేజయుడు యాగము చేయుచున్న చోటికి సరమ యను దేవశునకము యొక్క బిడ్డ పోయెను. అది హవిస్సును ముట్టలేదు, దాని వంక చూడనైనను లేదు. అయినను రాజు తమ్ములు దానిని కొట్టిరి. తల్లి వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమని నిలదీసి యడుగగా అచట బదులు పలికినవాడు లేడు. అంత పెద్ద గ్రంథమునకు ఆదిలోనే ఈ చిన్న కథ యేల నిలిపిరో పండితులు పలు విధముల చెప్పుదురు. దెబ్బ తిన్న కుక్క పక్షమున రాజును ప్రశ్నించు అధికారము కలదని మనవారు ఏనాడో ఒప్పుకొనిరని మాత్రము నాకు తోచును.

ఇది పురాణమందురేని, చరిత్ర కూడ కలదు. కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడి బండలమీద, క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున, అశోకుని శాసనములు చెక్కబడినవి. వానిలో రెండవ శాసనము మనుష్యులకు వేఱుగను, పశువులకు వేఱుగను చికిత్స యేర్పఱచిన సంగతి చెప్పుచున్నది. మందుమొక్కలు లేనిచోట వానిని తెప్పించి నాటించితి మనియు అందు కలదు. కౌటిల్యుడు మఱింత కరకువాడు. గుఱ్ఱమునకు వైద్యుడు చేసిన చికిత్సయందలి లోపముచే రోగము ముదిరినచో, ఆ చికిత్సకగు వ్యయమునకు రెట్టింపు దండము విధింపుమనెను. నేటి వైద్యులు ఈ మాట వినకుందురుగాక! శాస్త్రచర్చ యింతటితో చాలును.

ఇక మన ప్రాంతపు సంగతి. నేనుండునది సంగారెడ్డి. ఇది 2016వ సంవత్సరమున మెదకు నుండి విడివడి ప్రత్యేక జిల్లా యైనది. ఇచట నుండి హైదరాబాదు వైపు పోవు 65వ సంఖ్య జాతీయ రహదారి వెంట కంది, రుద్రారము, ఇస్నాపురము, ముత్తంగి, పటాన్‌చెరువు, రామచంద్రాపురము వరుసగా వచ్చును. 1960 దశకమున రామచంద్రాపురమున భారీ విద్యుత్ పరికరముల కర్మాగారము వచ్చినది. 1972లో పటాన్‌చెరువున మెట్టపంటల పరిశోధనకై ఇక్రిశాట్ వెలసినది. తరువాత పటాన్‌చెరువు, పాశమైలారము, బొల్లారము ప్రాంతములందు మందుల కర్మాగారములు, ఇనుప కర్మాగారములు, రసాయనపు కర్మాగారములు పుట్టగొడుగులవలె లేచినవి. జొన్నచేల నడుమ ఎడ్లబండ్లు పోయిన త్రోవలందు ఇపుడు పగలనక రేయనక లారీలు పోవుచున్నవి. కర్మాగారముల మురికినీరు నక్కవాగున కలియుటచే కలిగిన నష్టమును గూర్చి 1990లో సుప్రీంకోర్టునందు వ్యాజ్యము పడెను. ఆ కథ నేటి విషయము కాదు. కాని గొడ్డు గోదా మూతి పెట్టు నీటికే దిక్కులేని దినములను మీలో పెక్కురు కన్నులార చూచినవారే కనుక ఒక మాట జ్ఞప్తి చేసితిని.

ఇట్టి చోట కుక్క యెట్లు బ్రతుకుచున్నదో గమనించితిరా? పల్లెటూళ్లలో కుక్క ఒక యింటిదో, ఒక వీధిదో యగును. కర్మాగారముల వద్ద అట్లు కాదు. ఒడిస్సా నుండి, బీహారు నుండి, మన పాలమూరు నుండి వచ్చిన కూలీలు వరుసగదులలో పదిమంది యొక చోట నుందురు. వారు తినగా మిగిలిన అన్నము పెట్టినచో ఆ కుక్క అందఱిదియు నగును. రాత్రి షిఫ్టు ముగించి చీకటిలో నడచి వచ్చు మనుష్యునకు తోడుగా వచ్చునది అదియే. చలికాలమున అది వెచ్చదనమునకై ఆగిన లారీ చక్రముల క్రింద పరుండును. తెల్లవాఱుజామున డ్రైవరు చూచుకొనక బండి కదలించును. మన ప్రాంతమున కుక్కలకు దెబ్బలు తగులుట తఱచు ఇట్లే.

గత యేడు వానకాలమున ఇస్నాపురము దాపున జరిగిన సంగతి యొకటి చెప్పెదను. నా పూర్వశిష్యు డొకడు అచట లేతుయంత్రముపై పనిచేయుచు ఆలుబిడ్డలతో ఒక గది అద్దెకు తీసికొని యుండెను. ఒక ఉదయమున టెలిఫోనులో, "సారూ, మా కుక్కకు లారీ తాకింది. ఎనుక కాలు ఏలాడుతున్నది. ఏం జెయ్యాలె?" అని యడిగెను. రాత్రియే దానిని దగ్గఱనున్న ఒక ప్రైవేటు వైద్యశాలకు గొనిపోయెనట. ఎక్సురే, శస్త్రచికిత్స, నాలుగు దినముల మకాము, అన్నియు కలిపి పదునెనిమిది వేల రూపాయలగునని వారు చెప్పిరట. "బిడ్డ బడి ఫీజు కట్టనే లేదు, గీ కుక్కకెట్ల పెట్టాలె సారూ? ఇడిచిపెడుదమంటె పోరి ఏడుస్తున్నది" అని వాడు వాపోయెను.

ఆ వైద్యశాలవారిని నేను నిందింపను. వారికి యంత్రములు కొన్న అప్పులుండును, అద్దె యుండును, జీతములుండును. వారు తమ ధర చెప్పిరి. నా శిష్యునకు తెలియనిదల్లా ఆ ధర యొక్కటియే ధర కాదనునది. దగ్గఱనున్న ప్రభుత్వ పశువైద్యశాల యాతని గదికి ఆటోలో కొలది నిమిషముల దూరము. రెండేండ్లుగా ప్రతిదినము దాని ముందునుండియే పనికి పోవుచున్నాడు. అందులోనికి బఱ్ఱెలను, మేకలను మాత్రమే రానిత్తురని వాని భావము! ఈ భావము వానికొక్కనికే కాదు, మన జిల్లాలో చదువుకొన్నవారికి సైతము కలదు. పశువుల దవాఖాన యనుమాటలోనే పశువు కలదు కదా, కుక్క పశువా యని అడిగినవారిని నేనెఱుగుదును. కుక్కయు, పిల్లియు, కోడియు, చిలుకయు నన్నియు ఆ వైద్యుని విద్యలోనివే.

ఆ ఉదయమే నేనును పోయితిని. వైద్యుడు మొదట కాలు చూడలేదు. పెదవి పైకెత్తి చిగుళ్లు చూచెను, ఊపిరి లెక్కించెను, పొత్తికడుపు మెల్లగా నొక్కి, రాత్రి నుండి మూత్రము పోసినదా యని అడిగెను. ఆ తరువాతనే నొప్పి తగ్గుటకు సూది వేసి, గాయము కడిగి, కాలు పరీక్షించెను. ఎముక ముక్కలైనది, ఇచట కుదురదు, రాజేంద్రనగరము గొనిపొండని చీటి వ్రాసి యిచ్చెను. వరుసగదులలోని పదునొకండుగురు తలకింత వేసికొనిరి. రాజేంద్రనగరమునందలి పశువైద్య కళాశాలలో ఉపాధ్యాయులును విద్యార్థులును కూడి ఎక్సురే తీసి చూచిరి. విఱిగిన యెముకకు ఇనుపపలక బిగింపవచ్చును, కాని దానికి వ్యయమెక్కువ, గాయము మురిగినందున ఫలితము అనుమానము. కాలు తీసివేసినచో వ్యయము తక్కువ, కుక్క బ్రతుకును అని చెప్పిరి. కాలు తీసివేసిరి. ఆ కుక్క నేడు మూడు కాళ్లతో, నాలుగు కాళ్ల కుక్కలకు తీసిపోక పరుగెత్తుచున్నది. లెక్క చూడగా వైద్యమునకైన దానికంటె ఆటో కిరాయియే యెక్కువ. ఔటర్ రింగు రోడ్డుమీదికి ఆటోలను రానీయరు కనుక చుట్టుత్రోవను పోవలసి వచ్చెను!

కాలు తీసివేయుట యనగానే మన మనస్సు చివుక్కుమనును. మనుష్యునకైన అది జీవనాధారము పోవుటయే. కుక్కకట్లు కాదు. దాని బరువులో హెచ్చుభాగము ముందుకాళ్లమీద పడును. వెనుకకాలు ఒకటి పోయినను కొలది వారములలో నడక నేర్చుకొనును. తనకొక కాలు లేదని సిగ్గుపడుట దానికి తెలియదు. కావున వైద్యుడు ఈ మార్గము చెప్పినపుడు, డబ్బు లేనందున మనకు నాసిరకపు వైద్యము కట్టబెట్టుచున్నాడని యనుకొనవలదు. మఱి కొన్ని విఱుపులు శస్త్రమే లేక, కదలనీయక కట్టియుంచి, బద్దలు వేసి, ఇరుకైన గదిలో నెలకు పైగా నుంచినంతనే అతుకును. అందుచేత వైద్యుని అడుగవలసిన ప్రశ్న "ఎంతవుతుంది?" అని కాదు. "దీనికి ఎన్ని మార్గములున్నవి, వానిలో తక్కువ వ్యయముతో ప్రాణము నిలుపునది యేది?" అని అడుగుడు. వారు చెప్పిన మొత్తమును ఒక కాగితముపై వ్రాసి యిమ్మని కోరుటలో అమర్యాద యేమియు లేదు.

దెబ్బ తగిలిన మొదటి గడియయందు చేయవలసిన పనులు డబ్బు లేకయే జరుగునవి. వానిని కొంచెము వివరముగ చెప్పెదను.

మొదటిది, మీ చేయి కాపాడుకొనుడు. ఎంత సాధువైన కుక్కయైనను నొప్పిలో కఱచును. ఎదురుగా పోయి పైకి వంగక, ప్రక్కనుండి మెల్లగా పలుకరించుచు పోవుడు. దూడ పాలు కుడువకుండ మనము మూతికి చిక్కము కట్టుదుము కదా, అట్లే మెత్తని గుడ్డపేలికను మూతిచుట్టు చుట్టి చెవుల వెనుక ముడివేయవలెను. ఊపిరాడక రొప్పుచున్నపుడును, వాంతి చేసికొనుచున్నపుడును మాత్రము మూతి కట్టరాదు. పిల్లికైనచో మందమైన దుప్పటి కప్పి, దుప్పటితోనే ఎత్తి, గాలియాడు గంపలోనో అట్టపెట్టెలోనో ఉంచుడు.

రెండవది, నెత్తురు. శుభ్రమైన గుడ్డ మడచి గాయముపై నుంచి, అయిదు నిమిషములు ఎడతెగక నొక్కిపట్టవలెను. ఆగినదా లేదా యని మాటిమాటికి గుడ్డ తీసి చూచినచో గడ్డకట్టుచున్న నెత్తురు మఱల కదలును. తడిసినచో దానిమీదనే మఱియొక గుడ్డ వేయుడు. సున్నము, కారము, కిరసనాయిలు, ఇంజను నుండి తీసిన నల్లనూనె—ఇవన్నియు గాయములమీద పోయుట నేను చూచితిని. ఇవి మాంసమును కాల్చును, కుక్క నాకినచో కడుపులోనికి పోవును. కర్మాగారపు రసాయనము మీద పడినచో పుష్కలముగ నీరు పోసి చాలసేపు కడిగి, అది నాకుకొనకుండ చూచుకొనుచు వైద్యుని వద్దకు గొనిపోవుడు. ఏ రసాయనమో దాని పేరు తెలిసికొని పోయినచో సగము మేలు.

మూడవది, విఱిగిన కాలిని లాగి సరిచేయ బూనకుడు. పుత్తూరు కట్టు యొక్క ఖ్యాతి మీరు వినినదే. ఆ పేరు చెప్పుకొని వెదురుబద్దలతో కుక్కకాలికి బిగించి కట్టువారు మన పల్లెలలో కలరు. కట్టు బిగువైనచో నెత్తురు పారక పాదము వాచును, చల్లబడును, మూడునాలుగు దినములకు దుర్గంధము వచ్చును. విఱిగిన కాలు అతికెడిదే, కట్టుచే కుళ్లిపోయిన సందర్భములు వైద్యులు తఱచు చెప్పుచుందురు. కుక్కను ఉన్నదున్నట్లు ఒక పలకమీదికో గోనెసంచిమీదికో మెల్లగా జరిపి, ఇరువురు ఎత్తుకొని పోవుడు. వెన్నెముకకు దెబ్బ తగిలినదో లేదో మనకు పైకి కనబడదు. కాళ్లు పట్టి ఈడ్చినచో ఉన్న ఆశయు పోవును.

నాలుగవది, పైకి బాగున్నట్లు కనబడినను నమ్మకుడు. బండి తగిలిన కుక్క లేచి పరుగెత్తి ఇంటికి వచ్చి, మఱునాడు చచ్చుట కలదు. ఊపిరితిత్తులకును కడుపునకును నడుమనున్న పొర చినిగినను, మూత్రాశయము పగిలినను బయటికి నెత్తురు కనబడదు. చిగురు వ్రేలితో నొక్కి విడిచినచో తెల్లబడి, రెండు లెక్కించులోపల మఱల ఎఱ్ఱబడవలెను. చిగుళ్లు పాలిపోయియున్నను, ఊపిరి కష్టమైనను, మూత్రము రాకున్నను ఆలస్యము చేయరాదు. ఆకలిగా నున్నదని పాలో అన్నమో పెట్టకుడు. మత్తు ఇవ్వవలసి వచ్చినచో నిండుకడుపు ప్రాణాంతకమగును.

ఇపుడు అన్నిటికంటె ముఖ్యమైన మాట. మనము మ్రింగు నొప్పిబిళ్లలను కుక్కపిల్లులకు పెట్టరాదు. పారాసిటమాలు బిళ్ల యొక్కటి చాలును పిల్లిని చంపుటకు. ఐబూప్రొఫెను కుక్క కడుపున పుండ్లు పుట్టించి మూత్రపిండములను చెఱచును. డైక్లోఫినాకు కథ మీరెఱిగినదో కాదో. పశువులకు ఆ మందు వేయగా, చచ్చిన పశువుల మాంసము తిన్న రాబందులు మూత్రపిండములు చెడి గుంపులు గుంపులుగ రాలిపోయినవి. ఆ సంగతి 2004లో శాస్త్రజ్ఞులు కనుగొనగా, 2006లో మన ప్రభుత్వము పశువైద్యమున దానిని నిషేధించెను. మన చిన్ననాట ఊరి వెలుపల తాటిచెట్లపై గుంపులుగ కూర్చుండిన ఆ పక్షులేమైనవో అడుగు పిల్లవానికి ఇదియే బదులు. మంచి చేయదలచి ఇచ్చిన మందే కదా అది!

వానకాలమున గాయమునకు ఈగలు ముసరును. అవి గ్రుడ్లు పెట్టిన దినములోపలనే పురుగులు పుట్టి మాంసము తొలుచును. సీతాఫలపు ఆకు నూఱి పెట్టుట మన పెద్దల వాడుక. ఆకు మాట యటుంచి, ఆ గింజలపొడి మాత్రము వాడకుడు. కంటిలో పడినచో చూపునకే ముప్పు. పురుగులన్నియు ఏఱివేసి లోపలి పుండు కడుగుట వైద్యుని పని. అది పెద్ద వ్యయము కాదు, ఆలస్యము చేసినచో అగును.

ఎక్కడికి పోవలెనో ఇక చెప్పెదను. మండలములందు ప్రభుత్వ పశువైద్యశాలలు కలవు. సంగారెడ్డిలోను పటాన్‌చెరువులోను కలవు. అచట పరీక్ష, ఉన్నంతలో మందు, ఉచితముగనో నామమాత్రపు రుసుముతోనో దొరకును. లేని మందును చీటి వ్రాసి యిత్తురు, బయట కొనుక్కొనవలెను. ఉదయముననే పోవుట మేలు. వైద్యుడు మధ్యాహ్నము పల్లెలకు పోవలసియుండును. 2017లో తెలంగాణ ప్రభుత్వము సంచార పశువైద్యశాలలను ప్రారంభించి, 1962 అను సంఖ్యకు టెలిఫోను చేయుడని చెప్పెను. ఆంధ్రప్రదేశమునను తరువాత ఇదే సంఖ్య వాడుకలోనికి వచ్చినది. ఈ బండ్లు ముఖ్యముగ పల్లెల పాడిపశువుల కొఱకు ఉద్దేశింపబడినవి. కావున బండి వచ్చునని నెత్తురు కాఱుచున్న కుక్కను ముందుంచుకొని కూర్చుండుట తగదు. టెలిఫోను చేయుడు, దూరమని చెప్పినచో మీ ఆటోను మీరు పిలుచుకొనుడు.

మండలపు వైద్యశాలలో ఎక్సురే యంత్రము లేనిచోట, పెద్ద శస్త్రము కావలసినచోట, రెండు త్రోవలు. ఒకటి, రాజేంద్రనగరమునందలి పశువైద్య కళాశాల; ఇపుడది పి.వి. నరసింహారావు గారి పేరిట వెలసిన తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయమునకు చెందినది. విద్యార్థులు చేయి పెట్టుదురని కొందఱు జంకుదురు. గురువు ప్రక్కన నిలిచియుండగా పదిమంది కన్నులు ఒక కాలిని పరీక్షించుట జంతువునకు మేలే కాని కీడు కాదు. ముప్పదియేండ్లు బడిలో గడపినవాడను కనుక ఈ మాట ధైర్యముగ చెప్పుచున్నాను. రెండవది, హైదరాబాదు నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల. యజమాని యెవడును లేని వీధికుక్క యైనచో, 1992లో అక్కినేని అమల గారు హైదరాబాదున స్థాపించిన బ్లూక్రాస్ సంస్థ కలదు. అది జూబిలీహిల్స్‌లో నున్నది. వారి చేతినిండ పని యుండును. ముందుగ టెలిఫోను చేసి, చోటున్నదో లేదో కనుగొని బయలుదేరుడు.

వైద్యుడనగా ఎవడు? 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టము ప్రకారము, పశువైద్య పట్టము పొంది పేరు నమోదు చేసికొన్నవాడు. ఊరూర తిరిగి సూదులు వేయువారును కలరు. గోపాలమిత్రలు తమ పనిలో ప్రవీణులే. అయినను విఱిగిన ఎముక వారి పని కాదు.

దెబ్బ తిన్న జంతువును ఎత్తునపుడు మీకు కాటు పడినను, గోరు గీచుకొన్నను, దానిని తేలికగ తీసికొనకుడు. సుశ్రుతుడు పిచ్చికుక్క కాటును వర్ణించుచు, నీటిని చూచి భయపడు లక్షణము కలిగినవాడు బ్రతుకడని వ్రాసెను. నేటికిని ఆ లక్షణము పొడసూపిన పిమ్మట బ్రతికినవారు అత్యంత అరుదు. కాని పొడసూపక ముందు ఆపుట మన చేతిలో కలదు. కాటును సబ్బుతో, పాఱు నీటిక్రింద పదునైదు నిమిషములు కడిగి, ఆ దినమే ప్రభుత్వ దవాఖానకు పోవలెను. సూదిమందు అచట ఉచితము. గాయము లోతైనచో దానిచుట్టు వేయు మందు వేఱుగ కలదు, అదియును అడుగుడు. రెండు సూదులు వేయించుకొని తగ్గినదిలే యని మానివేయరాదు. చెప్పిన అన్ని తేదీలకును పోవలెను.

ఏమి చేసినను బ్రతుకని జంతువుల సంగతి చెప్పక దాటిపోవుట పిఱికితనము. వెన్ను విఱిగి, వెనుకభాగము చచ్చి, నొప్పితో అఱచుచున్న కుక్కను పొదలలో పాఱవేసి వచ్చుట పాపభయముచే చేయు పాపము. చంపిన దోషము మనకంటదని అది వారము దినములు చావలేక చచ్చును. జంతువులపై క్రూరత్వ నివారణకై 1960లో వచ్చిన చట్టము, పెంచినదానిని కారణము లేక వదలివేయుటను నేరముగ నెంచినది. బ్రతికించుటయే క్రూరమగునంతటి స్థితిలోనున్న జంతువునకు నొప్పిలేని ముగింపు నిచ్చుటకు ఆ చట్టమే త్రోవ చూపినది. వైద్యుడు మొదట మత్తు కలుగజేసి, తరువాత ప్రాణము పోవు మందు నిచ్చును. నిర్ణయము ఆతనిది కావలెను, బజారులో గుమికూడినవారిది కారాదు. ఇందు ధర్మసందేహము పడువారితో నేను వాదింపను. ఆ కుక్క ప్రక్కన ఒక రాత్రి కూర్చుండి రమ్మందును.

పెద్దలారా, మీకు ప్రత్యేకముగ చెప్పవలసినది ఒకటి కలదు. కర్మాగారముల చెంతనున్న కుక్కకు యజమాని యెవడు? అన్నము పెట్టినవారు పదిమంది. దెబ్బ తగిలిన నాడు ఒక్కడును లేడు. వైద్యశాలలో చీటిపై పేరు వ్రాయించుటకే వెనుకాడుదురు, బిల్లు తమమీద పడునని. నా శిష్యుని వరుసగదులవారు తలకింత వేసికొనుటచే ఆ చిక్కు తీఱెను. మన ఊళ్లలో బోనాలకు చందా వేసికొనుట మనకు క్రొత్త కాదు. ఇంటికి నెలకు పది రూపాయలు ఒక డబ్బాలో వేసినచో, ఏడాదికి రెండుమూడు ఆటో కిరాయిలును, బయట కొనవలసిన మందులును వెళ్లును. డబ్బా కిరాణాకొట్టులో నుండవచ్చును. లెక్క ఒక్కని చేతిలో నుంచక, ఇరువురి చేతిలో నుంచుడు. ఎందులకో మీకు నేను చెప్పనక్కఱలేదు.

రాకున్న దెబ్బకు మందక్కఱలేదు కనుక ఇంకొక మాట. 1885వ సంవత్సరమున జూలై 6వ తేదీని పాశ్చరు పండితుడు పిచ్చికుక్క కఱచిన ఒక బాలునకు మొదటిసారి టీకా వేసెను. ఆ జ్ఞాపకార్థము ఏటేట ఆ దినమున మన ప్రభుత్వ పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితముగ ఆ టీకా వేయుచుందురు. ఆ రోజు మీ ఊరి కుక్కలను త్రాళ్లు కట్టి గొనిపొండు. వైద్యుని ముఖము మీకును, మీ ముఖము వైద్యునకును తెలియును. తరువాత ఎన్నడైన రాత్రివేళ టెలిఫోను చేయవలసి వచ్చినపుడు ఆ పరిచయము అక్కఱకు వచ్చును. పిల్లలు పుట్టకుండ శస్త్రము చేయించు పని స్థానిక సంస్థలదని 2023 నాటి నియమములు చెప్పుచున్నవి. పంచాయతీ సభలో అడుగవలసినవారు మీరే.

పంచాయతీ కచేరి గోడమీద మూడు వరుసలు వ్రాయించుడు. మొదటి వరుసలో మండల పశువైద్యశాల టెలిఫోను సంఖ్య. రెండవదానిలో 1962. మూడవదానిలో కుక్కను ఎక్కించుకొనుటకు ఒప్పుకొను ఆటోవాని సంఖ్య. అందఱు ఒప్పుకొనరు, ముందుగనే మాటాడి పెట్టుకొనవలెను. గోడ క్రింద నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల ఒక చెక్కపలక, పాతచీర నుండి చించిన నాలుగు పేలికలు, ఒక గోనెసంచి ఉంచుడు. పలకకు ఇరువైపుల త్రాటిపట్లు బిగించినచో ఇద్దఱు సులభముగ మోయగలరు. పలకను ఎవడైన పొయ్యిలోనికి గొనిపోకుండ దానిమీద రంగుతో పంచాయతీ పేరు వ్రాయించుడు.

సెలవు.